వెనక షాకప్ ఎవరికి

ఖమ్మంలో సైకిళ్ల షాపాయన రెండు బండ్లను పక్కపక్కన నిలబెట్టి, ఏది ఎవరికని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మా ఆయన జవాబు చెప్పేశాడు.

"ఫుల్ సస్పెన్షన్ నాకు. మేడంకి హార్డ్‌టెయిల్ చాలు."

నాకేది కావాలో నన్ను అడగాలని ఆయనకు తోచలేదు. తోచదు కూడా. చీరల షాపులోనూ అంతే, కట్టుకునేది తనే అన్నట్టు రంగు ఆయనే చెప్తాడు. నేను చీరలకు అలవాటు పడ్డాను కాబట్టి సైకిలుకూ తలూపాను.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. అడవి బాటల్లో, గుట్టల మీద తొక్కే సైకిళ్లు రెండు రకాలు. హార్డ్‌టెయిల్‌కు ముందు చక్రానికి మాత్రమే షాకప్ ఉంటుంది. వెనకంతా గట్టి కడ్డీలే. రాయి తగిలితే ఆ దెబ్బ నేరుగా నడుముకెక్కుతుంది. ఫుల్ సస్పెన్షన్‌కు సీటు కింద ఇంకో షాకప్ ఉంటుంది. అది లోపలి గాలితో, నూనెతో పైకీ కిందికీ ఆడుతూ దెబ్బను మింగేస్తుంది. సుఖంగా ఉంటుంది. కాకపోతే బరువెక్కువ, ముస్తాబెక్కువ, మాటిమాటికీ మరమ్మతు కావాలి. మా ఆయనకు తగిన బండే అని షాపులోనే అనుకున్నాను. పైకి అనలేదు. అప్పటికి నేనింకా అనే దాకా రాలేదు.

ఆయనకు సత్తుపల్లి బొగ్గు గని ఆఫీసులో ఉద్యోగం. నేను సర్కారు బడిలో టీచర్ని. క్వార్టర్స్‌లో మేమిద్దరం, మా అత్తమ్మ. గనిలో ఆయన స్నేహితులు నలుగురైదుగురు కొండ సైకిళ్లు కొన్నారు. ఆదివారం పొద్దున్నే ట్రాలీ ఆటోలో బండ్లు వేసుకుని దమ్మపేట దాటి, అడవిలోకి పోయే ఎడ్లబండ్ల బాటల్లో తొక్కుకుని వచ్చేవాళ్లు. వాళ్ల ఫోటోలు చూసి ఈయనకూ మనసైంది. అయితే ఈయనకు అడవంటే భయం. పుట్టి పెరిగింది మధిర పక్కన మిరప చేల మధ్య. చెట్లు కాస్త దగ్గరగా ఉంటే ఎటు పోవాలో తెలియదు.

"నువ్వు అడివిపక్కదానివి గదా, నీకు బాటలు తెలుస్తయ్. నువ్వు కూడ రా," అన్నాడు.

మా తల్లిగారి ఊరు బూర్గంపాడు అవతల. నేను హైస్కూలుకు నాన్న సైకిల్ మీద పోయేదాన్ని. దానికి ముందు షాకప్పూ లేదు, వెనక షాకప్పూ లేదు, కొన్నాళ్లు బ్రేకు కూడా లేదు. తునికాకు ఏరుకునే వాళ్ల కాలిబాటల్లో, వాన కోసేసిన గట్ల మీద, ఆ ఇనుప గుర్రం మీద నేను నేర్చుకున్నదొకటే. రాయిని చూస్తే రాయి మీదికే పోతాం, రాయి పక్కనున్న మట్టిని చూడాలి. కళ్లు ఎటు పోతే బండి అటు పోతుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మోకాళ్లు దోక్కుపోయి వచ్చిన తెలివి.

పెళ్లయ్యాక చాలా ఏళ్లు సైకిల్ ముట్టలేదు. హార్డ్‌టెయిల్ ఎక్కిన మొదటి ఆదివారం, దమ్మపేట దాటి తారు రోడ్డు వదిలి, మద్ది చెట్ల మధ్య ఎర్ర మట్టి బాటలోకి చక్రం దిగగానే నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే. వారమంతా బడి, వంట, అత్తమ్మ మాత్రలు, ఆయన చొక్కాలు. ఆ ఒక్క పొద్దుటి పూట మాత్రం నేను ఎవరి కోడల్నీ కాదు, ఎవరి భార్యనీ కాదు. ఆ పూట పోతే నాకు మిగిలేదేమీ లేదని ఆ రోజే తెలిసింది. దాని కోసం ఎవరితోనైనా తగాదా పడగలననీ తెలిసింది.

ఆ రోజు గుట్ట ఎక్కేటప్పుడు నేను అందరికంటే ముందు పైకి చేరాను. మా ఆయన చివర్న, బండి దిగి తోసుకుంటూ వచ్చాడు. ఊపిరి కూడదీసుకుని మొదట అన్న మాట ఇది.

"హార్డ్‌టెయిల్ తేలిక గదా. తేలిక బండి ఎవరు తొక్కినా ఎక్కుతది."

సరే అనుకున్నాను. వచ్చే వారం ఆయనే బండ్లు మార్చాడు. హార్డ్‌టెయిల్ తను తీసుకుని ఆ బరువు బండి నాకిచ్చాడు. దానితో నేను ఎక్కడం కాస్త ఆలస్యమైన మాట నిజమే. దిగేటప్పుడు మాత్రం రాళ్ల మీద నుంచి నీళ్లు జారినట్టు జారిపోయాను. కింద వాగు దగ్గర నేను మొహం కడుక్కుని, నీళ్లు తాగి, చెట్టుకు ఆనుకుని కూర్చున్నాక ఆయన దిగాడు.

"ఫుల్ సస్పెన్షన్ గదా, అదే దిగుతది. నువ్వు ఊకె కూసున్నవంతే."

మళ్లీ బండ్లు మారాయి. నా హార్డ్‌టెయిల్ నాకొచ్చింది. మళ్లీ నేనే ముందు. ఈసారి టైర్లలో గాలి వల్ల అన్నాడు. ఆ తర్వాత రాత్రి నిద్ర లేదన్నాడు. స్నేహితుల్లో అందరికంటే పెద్దాయన, గనిలో డంపర్ నడిపే మనిషి, నవ్వుకుంటూ అడిగేశాడు.

"ఏంది తమ్మీ, బండి ఏదైనా చెల్లెలే ముందొస్తుంది?"

మా ఆయన మొహం మాడిపోయింది. ఇంటికొచ్చేదాకా ట్రాలీ ఆటోలో డ్రైవర్ పక్కన కూర్చుని వెనక్కి తిరగలేదు. ఇంట్లో వాళ్ల అమ్మతో మాత్రం, "నీ కోడలు అడివిల ఊరేగుతుంది, మేం ఎనక పోతున్నం," అన్నాడు. ఆమెకు అంతే చాలు. పొయ్యి దగ్గర నన్ను చూసే చూపు ఆ రోజు నుంచీ మారింది.

బాగా తొక్కావని ఒక్కసారి అంటే ఆయన సొమ్మేం పోయేది? నేను పతకాలు అడగలేదు. ఇరవై మంది ముందు చెప్పమనలేదు. ఇద్దరమే ఉన్నప్పుడు, చన్నీళ్లు తాగుతూ, ఊరికే ఒక మాట. ఆ మాట రాదని తెలిశాక కూడా ప్రతి ఆదివారం గుట్ట పైన నిలబడి దాని కోసమే ఎదురుచూసేదాన్ని. నా మీద నాకే ఒళ్లు మండేది.

దసరా వచ్చింది. ఆయుధ పూజ రోజు మా అత్తమ్మ స్కూటరును, రెండు సైకిళ్లను వాకిట్లో కడిగించి వరసగా పెట్టించింది. పసుపు కొమ్ములు స్వయంగా దంచి, చిక్కగా కలిపి గిన్నెలో పెట్టుకుంది. ఆమె పూజ చేస్తే నిండుగా చేస్తుంది. స్కూటర్ హెడ్‌లైటుకు, హ్యాండిళ్లకు, చెయిన్ చక్రానికి పసుపు రాసి బొట్లు పెట్టింది. ఆ తర్వాత ఆమె కన్ను ఫుల్ సస్పెన్షన్ బండి సీటు కింద పడింది. అక్కడ షాకప్ లోపలికి దిగే కడ్డీ అద్దంలా మెరుస్తూ ఉంటుంది. బొట్టు పెట్టడానికి అంతకంటే మంచి చోటు ఆమెకు కనపడలేదు.

"అత్తమ్మా, ఆ కడ్డీకి వద్దు," అన్నాను. "అది లోపలికీ బయటికీ ఆడుతది. పసుపు ఎండితే ఇసుక లెక్కయితది. లోపల ఉన్న రబ్బరు కోసుకపోయి నూనె కారుతది. హ్యాండిల్‌కు ఇంకింత రాయండి."

"దేవునికి పెట్టే పసుపు కోస్తదా? ఏం మాటలే గవి, పండుగ పూట."

నేను ఆయన వైపు చూశాను. షాపులో ఆ సంగతి ఆయనకూ చెప్పారు. కడ్డీ మీద దుమ్ము కూడా ఉండనీయొద్దని, మెత్తటి గుడ్డతో తుడుస్తూ ఉండాలని చెప్పినప్పుడు నా పక్కనే నిలబడి తలూపాడు.

"నువ్వు రాయమ్మా," అన్నాడు. "టీచరమ్మకు అన్నిట్ల డౌట్లే."

మూడు వేళ్లతో మూడు గీతలు, మధ్యలో కుంకుమ. నా బండి ముందు షాకప్ రెండు కడ్డీలకూ అదే మర్యాద జరిగింది. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, అందరూ లోపలికి పోయాక నేను నల్లా దగ్గర గుడ్డ తడిపి నా బండి కడ్డీలు శుభ్రంగా తుడిచాను. కిటికీలోంచి అత్తమ్మ చూసింది.

"పూజ పసుపు తుడుస్తరా ఎవరన్న? దానంతటదే రాలాలె. మొగని పానం మీదికి తేవాల్నని ఉందా నీకు?"

ఆయన బండి కూడా తుడుస్తానన్నాను. ముట్టొద్దని ఇద్దరూ ఒకే గొంతుతో అన్నారు. తల్లీకొడుకులు ఒక్క మాట మీద నిలబడటం ఆ ఇంట్లో ఎప్పుడోగాని జరగదు.

తర్వాతి ఆదివారాల్లో ఆ షాకప్ చుట్టూ నూనె చెమ్మ కనపడసాగింది. మంచు అన్నాడు. సీటు కుంగుతోందన్నాను. తనే లావయ్యానన్నాడు. లావయ్యానని ఒప్పుకోవడానికి మా ఆయన సిద్ధపడ్డాడంటే, ఆ బండి చెడిపోయిందని ఒప్పుకోవడం ఎంత కష్టమో అర్థం చేసుకోవాలి.

ఒక ఆదివారం, వానలు తగ్గిన కొత్తలో, బాటంతా కొట్టుకుపోయి రాళ్లు పైకి తేలి ఉన్నాయి. వాగులోకి దిగే ఏటవాలు దగ్గర నేను ముందుగా దిగి, కింద నిలబడి పైకి చూస్తున్నాను. మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ఆఖరుకు మా ఆయన. బాట మధ్యలో గడపంత ఎత్తున ఒక బండరాయి ఉంది, దాని పక్క నుంచి మనిషి పట్టేంత మట్టి దారి. ఆయన రాయి దాకా వచ్చాడు. నేను చూస్తుండగానే కళ్లు మూసుకున్నాడు. గట్టిగా, పిల్లలు సూదిమందు వేయించుకునేటప్పుడు మూసుకున్నట్టు. బండి రాయెక్కి దిగింది. వెనక షాకప్‌లో గాలి లేదు, ఇనుముకు ఇనుము తగిలిన చప్పుడొచ్చింది, వెనక చక్రం ఎగిరింది, ఆయన హ్యాండిల్ మీదుగా వచ్చి రాళ్లలో పడ్డాడు.

షాకప్ పోవడం నిజం. కళ్లు మూసుకోవడమూ నిజం. షాకప్ పోయిందని అందరికీ వినపడింది. రెండోది నేనొక్కదాన్నే చూశాను.

కుడి భుజం దగ్గర కాలర్ ఎముక విరిగింది. ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి సత్తుపల్లి దవాఖానాకు తీసుకొచ్చాం. దారంతా నా చెయ్యి వదల్లేదు. గతుకు వచ్చినప్పుడల్లా మూలిగాడు. అప్పుడు నాకు నిజంగా జాలి వేసింది. తల ఒళ్లో పెట్టుకున్నాను. ఆ జాలి దవాఖానా మెట్ల దాకానే ఉంది. అక్కడ అత్తమ్మ ఎదురొచ్చింది. కొడుకు చేతికి మేం తువ్వాలుతో కట్టిన కట్టు చూసి, నా వైపు తిరిగి, నర్సులు, స్నేహితులు, మెట్ల మీద కూర్చున్న రోగులు అందరూ వినేలా అంది.

"పూజ పసుపు తుడిచినవ్. ఇగో, నా కొడుకు పడ్డడు. సల్లబడ్డదా నీ కడుపు?"

ఆ మాట క్వార్టర్స్ అంతా తిరిగింది. నల్లా దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి గొంతు తగ్గించేవాళ్లు. నా హార్డ్‌టెయిల్‌ను అత్తమ్మ మెట్ల కింద గ్రిల్లుకు గొలుసేసి కట్టించి, తాళంచెవి రొండిన దోపుకుంది. ఇకపై ఈ ఇంటి ఆడది సైకిల్ ఎక్కదని చెప్పింది. ఆదివారం పొద్దున ట్రాలీ ఆటో మా గేటు ముందు నుంచే పోయేది. నేను లోపల మా ఆయనకు పళ్లు తోమిస్తూ ఆ చప్పుడు వినేదాన్ని. అన్నం కలిపి తినిపించడం, గుండీలు పెట్టడం, తల దువ్వడం అన్నీ నావే. ఆయన హాయిగా తినేవాడు.

కొన్నాళ్లకు ఆ డంపర్ పెద్దాయన ఖమ్మం షాపులో చూపించి ఆ చెడిపోయిన బండి తీసుకొచ్చాడు. నేను పక్కనే ఉన్నాను.

"లోపల రబ్బరు మొత్తం కోసుకపోయిందంట తమ్మీ. పసుపు గడ్డలు గడ్డలు ఎల్లిందంట. షాపాయన నవ్వుతుండు."

మా ఆయన వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "మెల్లగ అన్నా. అమ్మ వింటే బాధపడతది."

అమ్మ బాధ ఆయనకు కనపడింది. ఆమెకు తర్వాత నెమ్మదిగా చెప్తాడేమోనని చూశాను. ఆ సాయంత్రమే అత్తమ్మ పక్కింటామెతో వాకిట్లో కూర్చుని నేను పసుపు తుడిచిన కథ మళ్లీ మొదటి నుంచీ చెప్పింది. ఆయన మంచం మీద పడుకుని అంతా విన్నాడు. విని, మంచినీళ్లు తెమ్మని నన్ను కేకేశాడు.

నీళ్లిచ్చి, "అత్తమ్మకు అసలు సంగతి చెప్పండి," అన్నాను.

"ఇప్పుడు గది చెప్పి ఏం చేస్తవ్? నాల్గు దినాలైతే ఆమే మర్చిపోతది. నీకేం ముల్లు గుచ్చుకుంటుందా?"

గుచ్చుకుంటోందని చెప్పలేదు. చెప్పినా దానికీ ఒక కారణం వెతుకుతాడు.

ఒక సాయంత్రం స్నేహితులంతా చూడటానికి వచ్చారు. కట్టు విప్పే రోజు దగ్గర పడింది కాబట్టి మాటలు కొత్త బండి మీదికి మళ్లాయి. హార్డ్‌టెయిలా, ఫుల్ సస్పెన్షనా అని ఇద్దరిద్దరుగా చీలి వాదించుకున్నారు. పడ్డ మనిషికి వెనక షాకప్ లేకుంటే కష్టమని ఒకరు, మరమ్మతుల బాధ లేని హార్డ్‌టెయిలే నయమని ఇంకొకరు. నేను టీ గ్లాసులు అందిస్తున్నాను. మా ఆయన మంచి హుషారులో ఉన్నాడు. ఏ గాలి వీచిందో గానీ, పెళ్లయ్యాక మొదటిసారి నన్నడిగాడు.

"నువ్వు చెప్పు. నాకేది మంచిగుంటది?"

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన ప్రశ్న లాంటిదే అది. మెత్తగా చెప్పడానికి నా దగ్గర మంచి జవాబు కూడా ఉంది. ఫుల్ సస్పెన్షన్ తీసుకోండి, ముందు చిన్న గుట్టల మీద నేర్చుకుందాం, నేను పక్కనే ఉంటాను అనొచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. వంటింట్లో అత్తమ్మ రొండిన తాళంచెవి గట్టుకు తగిలి టింగుమంది.

"మీకు ఏదైనా ఒకటే," అన్నాను.

"అంటే?"

"రాయి కనపడంగనే కళ్లు మూసుకుంటరు. కళ్లు మూసుకున్నోళ్లకు షాకప్ ముందుంటేంది, ఎనకుంటేంది. పడ్డ రోజు నేను కింద నిలబడి చూసిన. మీకు బండి తొక్కరాదు."

ఒకరు గ్లాసులోకి చూశారు. డంపర్ పెద్దాయన ముందు దగ్గి, తర్వాత ఆపుకోలేక నవ్వేశాడు. ఆ నవ్వు ఇంకొకరికి అంటుకుంది. మా ఆయన చెవుల దాకా ఎర్రబడ్డాడు. గది చుట్టూ చూశాడు. నేను కొట్టిన దెబ్బ ఎవరి మీద దింపాలా అని వెతుకుతున్నాడని నాకు తెలుసు. వంటింటి గుమ్మంలో అత్తమ్మ జంతికల పళ్లెంతో నిలబడి ఉంది.

"కళ్లూ లేదు ఏం లేదు. అంత మా అమ్మ చేసింది," అన్నాడు వేలు చూపించి. "షాకప్ నిండ పసుపు కుక్కింది. రబ్బరు కోసుకపోయింది. అడుగుండ్రి, అన్నకు షాపాయన చెప్పిండు. ఈమె పూజ చెయ్యకుంటే నేను పడేటోన్నే కాదు."

అత్తమ్మ, "నేనా?" అంది. డంపర్ పెద్దాయన వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఆమె పళ్లెం కింద పెట్టి చేతులు కొంగుకు తుడుచుకుంది. చేతులకు ఏమీ అంటలేదు, అయినా తుడుచుకుంటూనే ఉంది. నా ఎముకే విరగ్గొట్టినవమ్మా అని ఆయన ఇంకా ఏదో అంటున్నాడు.

నాకు సంతోషం కలిగింది. దాచడం దేనికి. నా మీద పడ్డ నింద అందరి ముందూ దిగిపోయింది. పక్కింటామె తలుపు దగ్గర నిలబడి వినడం కూడా చూశాను, ఇంకా బాగుందనుకున్నాను.

ఆ తర్వాత అత్తమ్మ మాట్లాడటం తగ్గించింది. కొడుకు మంచం దగ్గరికి పోవడం మానేసింది. మందులు నా చేతికే ఇచ్చేది. శనివారం సాయంత్రం చూస్తే నా బండికి గొలుసు లేదు, తాళంచెవి పొయ్యి గట్టు మీద ఉంది.

ఆదివారం పొద్దున నేను హార్డ్‌టెయిల్ బయటికి తీస్తుంటే ఆమె వెనకాలే గేటు దాకా వచ్చింది. ఆపుతుందేమోనని హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాను. ఆమె ఆపలేదు. రాత్రంతా ఏడ్చిన మొహం.

"నువ్వన్న నన్ను గట్టిగ ఆపొద్దా బిడ్డా. నా చెయ్యి పట్టుకోవద్దా. నా చేతుల్తోని నా కొడుకు ఎముక ఇరగ్గొట్టుకుంటి."

ఆమె నన్నెప్పుడూ బిడ్డా అని పిలవలేదు. పసుపు వల్ల బండి చెడిన మాట నిజమే, పడింది మాత్రం కళ్లు మూసుకోవడం వల్లనని, కళ్లు తెరిచి ఉంటే పక్కనున్న మట్టి దారిలో నడక నేర్చే పిల్ల కూడా దిగేదని నాకు తెలుసు. ఆ రోజు అందరి ముందూ నేనన్న మాట ఆమె చెవికి ఎక్కలేదు, కొడుకు అన్నదే ఎక్కింది. నేను ఇంకోసారి, నెమ్మదిగా, ఆమెకొక్కదానికే చెప్తే సరిపోయేది. నమ్మేది కూడా.

"చెప్పిన అత్తమ్మా," అన్నాను. "మీరు వినలే."

ట్రాలీ ఆటో మలుపు దగ్గర ఆగి ఉంది. హెల్మెట్ పెట్టుకుని బండెక్కాను.